నలభై ఎకరాల్లో ఎనిమిది కిలోమీటర్లు

మోటార్‌సైకిల్ రేసు అనగానే తారు ట్రాకు, తోలు సూటు, గంటకు రెండొందల కిలోమీటర్ల వేగం కళ్ల ముందు మెదులుతాయి. చెట్ల మధ్య మట్టిబాటలో జరిగే రేసు తీరే వేరు. అక్కడ కొత్తవాళ్ల సగటు వేగం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, కాస్త చెయ్యి తిరిగినవాళ్లది 30. ఆదివారం పొద్దున హైదరాబాద్ కొండాపూర్‌లో కూరగాయలకు వెళ్లే స్కూటర్ అంతకంటే వేగంగానే పోతుంది. అయినా రెండు గంటల మట్టి రేసు ముగించిన మనిషికి గ్లౌజు ఊడదీసుకునే ఓపిక కూడా మిగలదు.

ఎందుకలా అన్నది అంకెలు పట్టుకుంటే తెలుస్తుంది. ఐటీ కారిడార్‌లో వారమంతా కుర్చీకి అతుక్కుని పనిచేసి, శనివారం తెల్లవారుజామున ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బండ్లు తీసి మొయినాబాద్, చేవెళ్ల, వికారాబాద్ దారి పట్టేవాళ్లు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. వాళ్లలో రేసు మీద మనసు పడ్డవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ బండి కొనాలి?’ అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది నేల, రెండోది బరువు. సీసీలు, హార్స్‌పవర్ ఆ తర్వాతే.

ఈ ఆట కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో 1913లో మొదలైన ఆరు రోజుల ట్రయలే ఇప్పుడు ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ఎండ్యూరోగా నడుస్తోంది. అడవి రేసుకు ఈనాడు పెద్ద వేదిక అమెరికాలోని గ్రాండ్ నేషనల్ క్రాస్ కంట్రీ సిరీస్. 1979 నుంచి జరుగుతోంది. అక్కడ ఒక చుట్టు 13 నుంచి 19 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ప్రొఫెషనల్స్ మూడు గంటలు నడుపుతారు, అమెచ్యూర్లు రెండు గంటలు. ఇంజన్లు ఆపి వరసలు కట్టి నిలబడతారు. జెండా ఊపాకే స్టార్ట్ చేయాలి. వరసకూ వరసకూ కొద్ది సెకన్ల ఎడం ఇస్తారు. వయసును బట్టి, అనుభవాన్ని బట్టి తరగతులు వేరుగా ఉంటాయి కాబట్టి ఎవరి పోటీ వాళ్లతోనే. ఉద్యోగం చేసుకుంటూ వారాంతంలో పోటీ పడేవాళ్లకు ఇంతకంటే అనువైన పద్ధతి మోటార్‌స్పోర్ట్‌లో మరొకటి కనిపించదు.

మన దేశంలో మట్టి రేసు అంటే ఎక్కువగా సూపర్‌క్రాస్, లేదంటే ర్యాలీ. ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ 2024లో పుణె, అహ్మదాబాద్, బెంగళూరుల్లో మొదలైంది. రెండో సీజన్‌కు ప్రకటించిన నగరాల్లో హైదరాబాద్ కూడా చేరింది, వేదికగా గచ్చిబౌలి స్టేడియం పేరే వచ్చింది. అయితే స్టేడియంలో లారీలతో మట్టి తెచ్చిపోసి గంతుల కోసం దిబ్బలు కట్టే పోటీకి, చెట్ల మధ్య తిరిగే పోటీకి చుట్టరికమే తప్ప పోలిక తక్కువ. స్టేడియంలో చుట్టు నిమిషం అటూ ఇటూగా అయిపోతుంది, ప్రతి మలుపూ కంటికి కనిపిస్తుంది. చెట్ల మధ్య ముందు మలుపు తర్వాత ఏముందో తెలియదు. కష్టమంతా అక్కడే.

వేగం ఎంత, ఎందుకు అంతే

మన నేలకు సరిపోయే చిన్న రేసు ఒకటి ఊహించి లెక్క కడదాం. చుట్టు 8 కిలోమీటర్లు, సమయం రెండు గంటలు. సగటు వేగం 25 అయితే చుట్టుకు 19 నిమిషాల 12 సెకన్లు పడుతుంది. ఆరు చుట్లు పూర్తయ్యాక ఇంకో ఐదు నిమిషాలు మిగులుతాయి. సగటు 30 అయితే చుట్టుకు 16 నిమిషాలు, మొత్తం ఏడున్నర చుట్లు.

ఇప్పుడు 25ను కష్టపడి 27 చేశాననుకోండి. చుట్టుకు 85 సెకన్లు కలిసొస్తాయి. కానీ ఆ తొందరలో చుట్టుకు రెండుసార్లు పడితే? పడ్డ బండిని లేపి, హ్యాండిల్ సరిచూసి, స్టార్ట్ చేసి, ఊపిరి కూడదీసుకుని కదలడానికి 40 సెకన్లు తక్కువలో తక్కువ. రెండుసార్లకు 80 సెకన్లు. సంపాదించిందంతా దాదాపు అక్కడే పోయింది, ఒళ్లు హూనమవడం అదనం. అమెచ్యూర్ రేసుల్లో వేగంగా నడిపేవాడికంటే పడకుండా నడిపేవాడే ముందుండడానికి కారణం ఈ చిన్న లెక్కే.

చూపు దూరం ఇంకా గట్టి లెక్క. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. అడ్డంగా బండరాయి కనిపించాక మెదడు గ్రహించి వేళ్లు బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోతుంది, అంటే 11 మీటర్లు. వదులు మట్టి మీద టైరు పట్టు తారుతో పోలిస్తే దాదాపు సగం ఉంటుంది. ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే ఆగడానికి మరో 16 మీటర్లు కావాలి. మొత్తం 27. అదే 30 వేగంలో 17 మీటర్లు చాలు. తుమ్మలూ పొదలూ కమ్ముకున్న బాటలో మలుపు దగ్గర కనిపించేది పదిహేను, ఇరవై మీటర్లు. అందుకే సగటు 30 దాటదు. అడవి పెట్టే స్పీడ్ లిమిట్ అది.

బరువే అసలు ప్రత్యర్థి

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కేజీలు, శక్తి 40 పీఎస్. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ సుమారు 160 కేజీలు, శక్తి 19 పీఎస్. కవాసాకీ కేఎల్‌ఎక్స్ 230 బరువు 139 కేజీలు. రేసు కోసమే తయారైన కేటీఎం 350 ఈఎక్స్‌సీ-ఎఫ్ పెట్రోలు పోయకముందు 104 కేజీల దగ్గర ఉంటుంది. అయితే 2024 చివర్లో ఇండియాలో దాని ధర 12.96 లక్షలు.

రెండు గంటల్లో పన్నెండుసార్లు పడ్డాడనుకుందాం. కొత్తవాడికి అది పెద్ద సంఖ్యేం కాదు. 196 కేజీల బండిని పన్నెండుసార్లు లేపితే 2,352 కేజీలు. 104 కేజీలదైతే 1,248. చక్రాలు నేలమీదే ఆని ఉంటాయి కనుక మొత్తం బరువు నడుము మీద పడదు, కానీ నిష్పత్తి మారదు. ఒక టన్నుకు పైగా తేడా. మూడో చుట్టుకల్లా హిమాలయన్ మీదున్నవాడికి ఆ తేడా భుజాల్లో తెలుస్తుంది. 40 పీఎస్ ఉన్నా, ఒకటో గేరు దాటి రెండో గేరుకు వెళ్లే చోటే దొరకని సన్నబాటలో ఆ శక్తిని ఖర్చుపెట్టే వీలుండదు. హిమాలయన్ గొప్ప బండే. లద్దాఖ్ దాకా నిక్షేపంగా తీసుకెళ్తుంది. చెట్ల మధ్య రేసు మాత్రం దాని పని కాదు.

మన పల్లెల్లో ఒక తరం ఈ సంగతి ముందే తెలుసుకుంది. 1985 నుంచి 1996 దాకా అమ్మిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజను 98 సీసీ, శక్తి 11 హార్స్‌పవర్, బరువు సుమారు వంద కేజీలు. పొలంగట్ల మీద అది ఎంత చలాకీగా పోయేదో నడిపినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

2019లో హీరో సంస్థ ఎక్స్‌పల్స్ 200ను 97 వేల రూపాయల ప్రారంభ ధరతో తెచ్చాక మన దగ్గర మట్టి బండి లక్షల జీతం లేనివాళ్లకూ అందింది. 21 అంగుళాల ముందు చక్రం, 18 అంగుళాల వెనుక చక్రం, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, ముందు సస్పెన్షన్ కదలిక 190 మిల్లీమీటర్లు, వెనుక 170. తర్వాత 38 వేలకు ర్యాలీ కిట్ వచ్చింది. దాంతో కదలిక ముందు 250, వెనుక 220 అయింది. ఆ హంగులతోనే వచ్చే ప్రో మోడల్‌లో సీటు ఎత్తు 891 మిల్లీమీటర్లు. ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి ఆ ఎత్తులో రెండు కాళ్లూ నేలకు ఆనవు. సన్నబాటలో బండి ఒరిగినప్పుడు కాలు అందడమే ప్రాణం. మొదటి ఏడాది మామూలు సస్పెన్షన్‌తో నేర్చుకుని ఆ తర్వాత కిట్ వేయించుకోవడమే మేలు. ఆ డబ్బుతో ముందు బూట్లు కొనుక్కోవాలి.

మొరం, రేగడి, తుమ్మముల్లు

ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ ఆ రాయి విరిగి విరిగి మొరం అవుతుంది. గట్టి నేల మీద ఇసుక పలుకులు పరుచుకున్న ఈ మొరం మీద ముందు చక్రం తిప్పడమంటే గచ్చు మీద ఆవాలు చల్లి నడిచినట్టే.

పల్లంలోకి దిగుతూ కుడికి తిరిగే మలుపు ఒకటి తీసుకుందాం. లోపలి అంచున బండరాయి, బయటి అంచున సర్కారు తుమ్మ. తారు రోడ్డు అలవాటున్నవాడు మలుపులోకి వెళ్లాక ముందు బ్రేకు నొక్కుతాడు. చక్రం బిగుసుకుంటుంది, మొరం మీద జారుతుంది, కుడి మోచెయ్యి నేలకు తగులుతుంది. తెలిసినవాడు మలుపుకు పదిహేను మీటర్ల ముందే, బండి నిటారుగా ఉండగానే బ్రేకులన్నీ వాడేస్తాడు. ఫుట్‌పెగ్‌ల మీద నిలబడినవాడు కూర్చుని ట్యాంకు మీదకు జరుగుతాడు, బరువు ముందు చక్రం మీదికి రావాలని. కుడికాలు ముందుకు చాపుతాడు. బండిని కిందికి ఒంచి, తను మాత్రం నిటారుగా, ఎడమ పెగ్ మీద బరువు వేసి ఉంటాడు. చూపు తుమ్మ మీద ఉండదు, మలుపు దాటాక కనిపించే బాట మీద ఉంటుంది. క్లచ్ మీద రెండు వేళ్లు. వెనుక చక్రం కాస్త జారితే జారనిచ్చి, థ్రాటిల్‌తోనే దారికి తెస్తాడు. ఇదంతా మూడు సెకన్ల పని. 8 కిలోమీటర్ల చుట్టులో ఇలాంటి మలుపులు వంద వస్తే, ఆరు చుట్లలో ఆరు వందలు.

టైర్లలో గాలి కూడా ఈ నేలను బట్టే. రోడ్డు మీద 25 నుంచి 32 పీఎస్‌ఐ ఉంచే టైర్లను మట్టిలో 15, 18కి దించుతారు. టైరు కాస్త చదునై ఎక్కువ నేలను పట్టుకుంటుంది. మరీ దించితే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి ట్యూబు రెండుచోట్ల చిల్లు పడుతుంది. తుమ్మముల్లు దిగితే ఎలాగూ తప్పదు. స్పేర్ ట్యూబు, టైరు లీవర్లు, చేతిపంపు లేకుండా బయల్దేరడం తెలివైన పని కాదు.

చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు వెళ్లేకొద్దీ కొన్నిచోట్ల నల్లరేగడి మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరుల మధ్యే పడుతుంది. ఆ నెలల్లో రేగడి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య దట్టంగా పట్టేసి చక్రాన్ని కదలనివ్వదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల, ఎండ రెండూ అనుకూలం.

ఒంటి మీద పడే భారం గురించీ లెక్కలున్నాయి. మోటోక్రాస్ రైడర్ల మీద జరిగిన పరిశోధనల్లో గుండె వేగం గరిష్ఠ స్థాయిలో 90 శాతం దాటినట్టు తేలింది. ముప్పై ఏళ్ల మనిషికి గరిష్ఠం నిమిషానికి 190 అనుకుంటే, అది 171. చెట్ల మధ్య రేసులో వేగం తక్కువైనా సమయం ఎక్కువ. ముంజేతుల్లో రక్తం నిండి కండరం రాయిలా బిగుసుకుంటుంది. రైడర్లు దాన్ని ఆర్మ్ పంప్ అంటారు. బలంగా పట్టుకున్నకొద్దీ అది పెరుగుతుంది. హ్యాండిల్‌ను వదులుగా, ట్యాంకును మోకాళ్లతో గట్టిగా పట్టడమే విరుగుడు. రోజుకు పది గంటలు కీబోర్డు ముందు కూర్చునేవాళ్లు బండి కొనే ముందు మూడు నెలలు ఈత కొట్టడమో గుట్టలెక్కడమో చేస్తే, ఖరీదైన సస్పెన్షన్‌కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

నేల ఎక్కడ?

అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. సైబరాబాద్ చుట్టుపక్కల చెట్లున్న చోటల్లా రేసు పెట్టడానికి లేదు, పెట్టకూడదు. చిలుకూరు దగ్గర మృగవని నేషనల్ పార్క్ విస్తీర్ణం 3.6 చదరపు కిలోమీటర్లు. 1994 నుంచి అది రక్షిత ప్రాంతం. నగరం మధ్యలోని కేబీఆర్ పార్కూ నేషనల్ పార్కే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత మామూలు ఉల్లంఘనకే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. రిజర్వ్ ఫారెస్టుల్లో అనుమతి లేకుండా బండి దించడం కూడా నేరమే. అనంతగిరి అయినా, నర్సాపూర్ అయినా అంతే.

చట్టం సంగతి పక్కన పెట్టినా ఇది సబబు కాదు. మట్టి బండ్లకు వేసే గడ్డల టైరు ఒకసారి మొరాన్ని కోస్తే, తర్వాతి వాన ఆ గాడిలోంచే పారుతుంది. రెండు వర్షాకాలాల్లో గాడి కాస్తా వాగవుతుంది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడాన్ని సుప్రీంకోర్టు ఆపేసరికే సుమారు వంద ఎకరాలు చదునైపోయాయి. ఆ రోజుల్లో నెమళ్ల అరుపుల వీడియోలు చూసి కలత చెందిన ఐటీ ఉద్యోగుల్లో బైకర్లు చాలామంది. అదే మనం ఆదివారం చిలుకూరు అడవిలో సైలెన్సర్ మోతతో దూరితే ఆ కలతకు అర్థం ఏముంటుంది?

పబ్లిక్ రోడ్డూ దారి కాదు. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో రేసు పెట్టినా, పాల్గొన్నా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి జైలు ఏడాది దాకా, జరిమానా పది వేల దాకా. రాయదుర్గంలో టీ-హబ్, నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద అర్ధరాత్రి రేసుల కోసం పోగైన బండ్లను సైబరాబాద్ పోలీసులు ఎన్నోసార్లు సీజ్ చేశారు.

మిగిలింది ప్రైవేటు నేల. మామిడి తోట, సుబాబుల్ తోట, నీలగిరి తోట. ఎంత కావాలి? 8 కిలోమీటర్ల బాటను రెండు మీటర్ల వెడల్పున పరిస్తే 16,000 చదరపు మీటర్లు, అంటే నాలుగెకరాలే. కానీ ఎదురెదురుగా వచ్చే బండ్లు ఢీకొనకుండా బాటకూ బాటకూ మధ్య ఇరవై మీటర్ల ఎడం ఉండాలి. అప్పుడు 1,60,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 40 ఎకరాలు. పార్కింగ్, పెట్రోలు పోసుకునే చోటు, అంబులెన్సు దారి కలిపితే 45.

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం అత్యధికంగా 100.75 కోట్లు పలికింది. ఆ ధరకు 40 ఎకరాలంటే 4,030 కోట్లు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. హైటెక్ సిటీ కనుచూపు మేరలో ఈ ఆటకు చోటు దొరకదని ఇంతకంటే సూటిగా చెప్పే అంకె లేదు. జాగా దొరికేది శంకర్‌పల్లి, చేవెళ్ల అవతలే, అదీ కౌలుకే. మధ్యలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల ఎగువన 84 గ్రామాల చుట్టూ 1996 నాటి 111 జీవో రక్షణ గీత గీసింది. నగరం తాగిన నీళ్లు పారే నేల అది. అక్కడ ట్రాకు అనే ఆలోచన రాకపోవడమే మంచిది. ఎక్కడ పెట్టినా, ఆగిన ప్రతి బండి కింద నూనె పీల్చే మ్యాట్ పరచాలి. అంతర్జాతీయ పోటీల్లో అది తప్పనిసరి, మన దగ్గర పది మంది కలిసి చేసుకునే ప్రాక్టీసుకూ అది అలవాటు కావాలి.

ఈ నలభై ఎకరాలు ఒక్క క్లబ్బు మోయగలిగే భారం కాదు. పడావుగా ఉన్న తోటల రైతులతో కొన్ని క్లబ్బులు కలిసి ఏడాదికి ఇన్ని రోజులని మాట్లాడుకోవచ్చు.  ఆ రోజులకు వచ్చే కౌలు రైతుకు అదనపు ఆదాయం. దేశంలో మోటార్‌స్పోర్ట్‌ను నడిపే ఎఫ్‌ఎంఎస్‌సీఐ నిబంధనల ప్రకారం పోటీ పెడితే లైసెన్సు, బీమా, స్టీవార్డులు, డాక్టరు అన్నీ ఒక పద్ధతిలోకి వస్తాయి.

ఖర్చు సంగతి క్లుప్తంగా. హెల్మెట్, గాగుల్స్, బూట్లు, మోకాలి గార్డులు, ఛాతీ కవచం కలిపి నలభై, యాభై వేలకు తగ్గవు. అందులో బూట్లకే పదిహేను వేలకు పైగా పెట్టాలి, ఎందుకంటే ఎక్కువసార్లు పెగ్‌కూ రాయికీ మధ్య నలిగేది కాలే. ఎయిర్ ఫిల్టర్‌ను ప్రతి ప్రాక్టీసు తర్వాతా కడగాలి.

ట్రాకు దాకా వెళ్లే దారినీ లెక్కలో వేసుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి టూవీలర్లను రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు సుమారు తొమ్మిది వందల మర్రిచెట్ల మధ్య టిప్పర్లతో కలిసి వెళ్లాలి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం టూవీలర్ల మీదున్నవాళ్లే. గడ్డల టైరు తారు మీద ఆగడానికి మామూలు టైరుకంటే ఎక్కువ దూరం తీసుకుంటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి బండ్లను చిన్న ట్రక్కులో వేసుకెళ్తే అందరికీ క్షేమం.

చేవెళ్ల అవతలి తోటలో తొడ ఎముక విరిగినవాణ్ని గచ్చిబౌలి ఆస్పత్రులకు చేర్చడానికి గంట దాటొచ్చు. అందుకే డబ్బు కట్టే ముందు నిర్వాహకులను అడగాల్సినవి రెండే: అంబులెన్సులు ఎన్ని, బాటలో ప్రతి చోటికీ అవి వెళ్లగలవా? ఒక్కటే ఉంటే, అది పేషెంటుతో బయల్దేరిన క్షణాన ఎర్రజెండా చూపి రేసు ఆపాలి. అది తిరిగొచ్చేదాకా ఒక్క ఇంజనూ స్టార్ట్ కాకూడదు. ఈ నియమం రాతలో ఉందని చూపించలేని చోట హెల్మెట్ పెట్టుకోకండి.